నిట్టనిలువు వీధిలో రెండు చక్రాల బండి



గత నెలలో మన తరగతిలో వాహనాల పేర్లు చెప్పుకుంటూ ఉన్నాము. రథం, పల్లకి, ఎడ్లబండి, జట్కా, రిక్షా అని వరుసగా నల్లబల్ల మీద వ్రాస్తూ, చివరకు ఒక సెగ్వే బొమ్మను చూపించాను. ప్రక్కప్రక్కన రెండు చక్రాలు, వాటి నడుమ నిలబడడానికి ఒక చిన్న పీఠం, చేతితో పట్టుకోవడానికి ఒక నిలువు కమ్మీ. అంతకు మించి ఆ బండిలో కంటికి కనిపించేది ఏమీ లేదు. అప్పుడు మూడవ తరగతి చదువుతున్న ఒక అమ్మాయి లేచి నిలబడి, "మాస్టారూ, మన శాన్ ఫ్రాన్సిస్కోలో కొండ వీధి ఎక్కేటప్పుడు ఇది వెనక్కి తిరగబడదా?" అని అడిగింది.

నేను తడుముకోకుండా జవాబు చెప్పాను. "తిరగబడదమ్మా. వీధి ఎంత వాలుగా ఉంటే మనిషి కూడా అంత వాలి, వీధికి లంబంగా నిలబడతాడు. అందుచేత పడడు" అన్నాను. తరగతి అంతా తలలూపింది. ఆ అమ్మాయి మాత్రం ఊపలేదు. మరుసటి వారం వచ్చి, "మాస్టారూ, మా ఇల్లు కూడా వాలు వీధిలోనే ఉన్నది. కాని మా ఇల్లు వీధికి లంబంగా లేదు. నిటారుగానే ఉన్నది కదా?" అన్నది.

ఆ మాట విన్నాక నాకు రెండు రోజులు నిద్ర సరిగా పట్టలేదు. ఆమె చెప్పినది సరియైనది; నేను చెప్పినది తప్పు. తప్పు ఎక్కడ జరిగినదో, ఆ బండి కొండ వీధులలో నిజంగా ఏమి చేస్తుందో వివరించడానికే ఈ వ్యాసం.

ముందుగా ఆ బండి సంగతి. దీనిని రూపొందించినవారు డీన్ కామెన్ అనే అమెరికన్ ఆవిష్కర్త. 2001 డిసెంబరు 3వ తేదీ ఉదయం న్యూయార్కు నగరంలో, టెలివిజన్ ప్రసారంలో, దీనిని తొలిసారి లోకానికి చూపించారు. అంతకు ముందు కొన్ని నెలలపాటు దీని పేరు కూడా రహస్యమే. 'జింజర్' అనే మారుపేరుతో పిలిచేవారు. ఏదో అద్భుతం రాబోతున్నదని పత్రికలు ఊహాగానాలు చేశాయి. దీనికి ముందే కామెన్ బృందం మెట్లు ఎక్కగల ఒక చక్రాల కుర్చీని తయారుచేసింది. కుర్చీలో కూర్చున్నవారు నిలబడినవారితో కన్ను కన్ను కలిపి మాట్లాడగలిగేలా అది రెండు చక్రాల మీద లేచి నిలబడగలదు. నడవలేనివారి కోసం నేర్చిన ఆ విద్య నుండే నడవగలిగినవారి కోసం సెగ్వే పుట్టింది. నా మట్టుకు నాకు ఆ కుర్చీయే గొప్ప ఆవిష్కరణ అనిపిస్తుంది. కాని ఇప్పుడు మన ప్రశ్న బండిని గురించి.

ఇంట్లో ఒక చీపురుకర్రను తీసుకొని, దాని అడుగుకొనను అరచేతిలో నిలువుగా నిలబెట్టండి. కర్ర ముందుకు వాలితే మీ చేయి తనంతట తానే ముందుకు పోతుంది. వెనుకకు వాలితే వెనుకకు పోతుంది. చేయి కదలకుండా ఉంచితే కర్ర క్షణంలో పడిపోతుంది. గోడ గడియారంలోని లోలకం పైనుండి వ్రేలాడుతుంది కనుక ప్రక్కకు నెట్టినా తిరిగి మధ్యకు వస్తుంది. చీపురుకర్ర తలక్రిందుల లోలకం. దానిని ఎవరో ఒకరు ఎడతెగక కాచుకొని ఉండాలి. సెగ్వే మీద నిలబడిన మనిషే ఆ చీపురుకర్ర. చక్రాలే ఆ అరచేయి. మనిషి ముందుకు వాలితే చక్రాలు ముందుకు పరుగెత్తి అతని క్రిందికి చేరుకుంటాయి. అతడు ఇంకా వాలి ఉంటే ఇంకా పరుగెత్తుతాయి. అదే ప్రయాణం. ఈ బండికి వేగం పెంచే పెడలు లేదు, బ్రేకు కూడా లేదు. ఆగాలంటే వెనుకకు వాలాలి.

మన అరచేతికి కర్ర వాలుతున్న సంగతి కన్ను చెబుతుంది. బండికి చెప్పేవి జైరోస్కోపులు. మీ తాతగారి ఊరికి వెళ్ళినప్పుడు బొంగరం త్రిప్పి ఉంటారు. వేగంగా తిరుగుతున్న బొంగరం తన నిలువుదనాన్ని సులభంగా విడిచిపెట్టదు. పాతకాలపు జైరోస్కోపు అటువంటి బొంగరమే. సెగ్వేలో ఉన్నవాటిలో మాత్రం తిరిగే చక్రమేదీ లేదు. ప్రతిదానిలోనూ సిలికాన్‌తో చేసిన ఒక చిన్న వలయం సన్నగా కంపిస్తూ ఉంటుంది. బండి వాలినప్పుడు ఆ కంపనం తీరు మారుతుంది. ఆ మార్పును బట్టి ఎంత వేగంగా వాలుతున్నదో తెలుస్తుంది. నిజానికి మూడు చాలు, కాని ఐదు అమర్చారు. ఏదైనా ఒకటి చెడిపోతే మిగిలినవి దానిని కనిపెట్టి, బండి పడిపోకుండా కాపాడడానికి ఈ ఏర్పాటు. వీటికి తోడు, భూమి ఏ దిక్కుకు లాగుతున్నదో చెప్పే వాలుమాపకాలు రెండు ఉన్నాయి. బ్యాటరీలు కూడా రెండు. ఇవన్నీ చెప్పిన కబుర్లను లోపలి కంప్యూటర్లు సెకనుకు సుమారు 100 సార్లు విని, మోటార్లకు ఆజ్ఞలు ఇస్తాయి. మీరు ఒక్కసారి రెప్ప వేసేలోగా ఆ బండి పది పన్నెండు సార్లైనా మిమ్మల్ని నిలబెట్టి ఉంటుంది.

ఒక్క మాట ఇక్కడ గమనించండి. వాలుమాపకం దేనిని కొలుస్తుంది? వీధిని కాదు. భూమ్యాకర్షణ దిక్కును కొలుస్తుంది. అంటే, తాపీమేస్త్రీ గోడ కట్టేటప్పుడు వ్రేలాడగట్టే తూకపు గుండు దారం ఏ దిక్కు చూపుతుందో ఆ దిక్కును. క్రింద వీధి చదునుగా ఉన్నదా, వాలుగా ఉన్నదా అన్నది దానికి అక్కరలేని విషయం. నా తప్పు జవాబుకు విరుగుడు ఇక్కడే ఉన్నది.

ఇక మన కొండల విషయానికి వద్దాము. శాన్ ఫ్రాన్సిస్కో వీధులను గీసినవారు కాగితం మీద గళ్ళు గీసినట్లు సూటిగా గీశారు. కొండ అడ్డం వచ్చినా గీతను వంచలేదు. తిరుమల ఘాట్ రోడ్డు వలె మెలికలు త్రిప్పి ఎక్కించి ఉంటే వాలు తగ్గేది. అలా చేయకపోవడం వలన ఇక్కడ కొన్ని వీధులు నిచ్చెనలవలె నిలబడ్డాయి. రష్యన్ హిల్ మీద హైడ్ వీధికీ లెవెన్‌వర్త్ వీధికీ నడుమ ఉన్న ఫిల్బర్ట్ వీధి వాలు 31.5 శాతం. అంటే అడ్డంగా 100 అడుగులు సాగేసరికి 31.5 అడుగులు పైకి లేస్తుంది. దానికి సమీపంలోని లాంబార్డ్ వీధి సహజమైన వాలు 27 శాతం. కార్లు ఎక్కలేక దిగలేక అవస్థపడుతున్నాయని 1922లో ఆ ఒక్క భాగానికి ఎనిమిది మెలికలు పెట్టి, వాలును 16 శాతానికి తగ్గించారు. యాత్రికులు ఫోటోలు తీసుకునే ఆ వంకర వీధి ఒక లెక్కకు జవాబు అని చాలామందికి తెలియదు.

ఈ కొండలు వాహనాలను పరీక్షించడం కొత్తకాదు. గుర్రాలు బండ్లను లాగలేక రాళ్ళ మీద జారి పడే రోజులలో, ఆండ్రూ హాలిడీ అనే ఇంజనీరు వీధి క్రింద ఉక్కుతాడు పరిపించి, 1873లో క్లే వీధిలో తొలి కేబుల్ కారు నడిపాడు. నేటికీ అటువంటి మార్గాలు మూడు మిగిలాయి. ఆ తాడు గంటకు 9.5 మైళ్ళ వేగంతో ఎప్పుడూ కదులుతూనే ఉంటుంది. కారు దానిని పట్టుకొని ఎక్కుతుంది, విడిచి ఆగుతుంది. కేబుల్ కారుకు కొండ ఎక్కే బలం బయటినుండి వస్తుంది. సెగ్వేకు ఆ అదృష్టం లేదు. తన బ్యాటరీలో ఉన్నంతే దాని బలం.

మీరు కూడా వాలును కొలవవచ్చు. మీ లెక్కల పెట్టెలోని కోణమానినికి మధ్యచుక్క వద్ద ఒక దారం కట్టి, దారం చివర చిన్న బరువు వ్రేలాడదీయండి. ఒక పొడవైన పలకను వీధి మీద వాలు వెంబడి పరచి, కోణమానిని సూటి అంచును పలకకు ఆనించి తలక్రిందులుగా పట్టుకోండి. దారం 90 నుండి ఎన్ని డిగ్రీలు జరిగితే వీధి వాలు అన్ని డిగ్రీలు. ఫిల్బర్ట్ వీధిలో నేను ఆ పని చేశాను. దారం గాలికి ఊగుతూ 17కూ 18కీ మధ్య నిలిచింది. 31.5 శాతానికి లెక్క ప్రకారం 17.5 డిగ్రీలు రావాలి. ప్రక్కనుండి పోతున్న ఒక పెద్దాయన నన్ను వింతగా చూసి నవ్వుకుంటూ వెళ్ళాడు, అది వేరే సంగతి.

కొలత అయిన తరువాత అక్కడే నిలబడి ఇండ్లను చూశాను. వీధి ప్రక్కన నిలిపిన కార్లన్నీ వీధితోపాటు వాలి ఉన్నాయి. ఇండ్లు మాత్రం ఒక్కటీ వాలలేదు. ప్రతి ఇంటి పునాది ఒక ప్రక్క ఎత్తు తక్కువగా, ఇంకొక ప్రక్క ఎక్కువగా ఉన్నది. గుమ్మాలు, కిటికీలు, నేలలు అన్నీ తూకపు గుండుతో సరిచూసినట్లు ఉన్నాయి. నాలుగు చక్రాల కారు కొండను అనుసరిస్తుంది, ఇల్లు భూమ్యాకర్షణను అనుసరిస్తుంది. సెగ్వే చక్రాలున్న వాహనమే అయినా, ఈ విషయంలో అది కారు జాతిది కాదు, ఇంటి జాతిది. కొండ ఎక్కుతున్నప్పుడు కూడా దాని పీఠం దాదాపు సమతలంగానే ఉంటుంది. దాని మీది మనిషి నిటారుగానే నిలబడతాడు. మన తరగతిలోని అమ్మాయి ఇంటి వైపు చూసి కనుగొన్నది ఇదే.

నేను చెప్పినట్లు వీధికి లంబంగా నిలబడితే ఏమవుతుంది? మనిషి గరిమనాభి పీఠం పైన సుమారు ఒక మీటరు ఎత్తున ఉన్నదనుకుందాము. 17.5 డిగ్రీలు వెనుకకు వాలితే అది దాదాపు 30 సెంటీమీటర్లు దిగువ వైపుకు జరుగుతుంది. బండి దానిని 'వెనుకకు పోదాము' అనే ఆజ్ఞగా గ్రహించి, కొండ క్రిందికి వెనుకగా పరుగెత్తుతుంది. మాస్టారి మాట విన్న శిష్యుడు లెవెన్‌వర్త్ వీధి దాకా వెనక్కి వెళ్ళిపోతాడన్నమాట.

అయితే 'దాదాపు సమతలం', 'దాదాపు నిటారు' అన్నానే, ఆ 'దాదాపు' దేనికి? ఇది కొంచెం లోతైన విషయం. పై తరగతుల వారు చిత్రం గీసి చూడండి. వాలు మీద చక్రం నేలను తాకే చోటు ఇరుసుకు సరిగ్గా క్రింద ఉండదు. వాలుకు లంబంగా ఉంటుంది కనుక, కొంచెం ఎగువ వైపున ఉంటుంది. బండి కదలకుండా నిలవాలంటే మనిషి బరువు ఆ తాకిన చోటుకు నేరుగా పైన పడాలి. సెగ్వే చక్రం వ్యాసార్ధం సుమారు 24 సెంటీమీటర్లు. 17.5 డిగ్రీల వాలుకు లెక్క వేస్తే ఆ దూరం సుమారు 7 సెంటీమీటర్లు వస్తుంది. అంటే మనిషి నాలుగు వ్రేళ్ళ వెడల్పు మేర ఎగువ వైపుకు మొగ్గితే చాలు, బండి వాలు మధ్యలో కదలకుండా నిలుస్తుంది. ఎక్కేటప్పుడు బరువు కాలివ్రేళ్ళ మీదికి, దిగేటప్పుడు మడమల మీదికి.

దీనినే ఇంకొక విధంగా చెప్పవచ్చు. మోటారు చక్రాన్ని ముందుకు త్రిప్పుతున్నప్పుడు, ఎదురుబలంగా పీఠాన్నీ మనిషినీ వెనుకకు త్రిప్పజూస్తుంది. అందుచేత "వెనక్కి తిరగబడదా?" అన్న ప్రశ్న అమాయకమైనది కాదు. ఆ బలం నిజంగానే ఉన్నది. మనిషి ఎగువకు మొగ్గడం వలన అది సరితూగుతుంది.

నేనొకసారి ఈ బండి ఎక్కాను. చాలా ఏండ్ల క్రిందటి మాట. ఉత్తర తీరం వద్ద యాత్రికులకు ఈ బండ్లు అద్దెకిచ్చి, వెంట ఒక మార్గదర్శిని పంపేవారు. మొదట అరగంటసేపు చదును నేల మీద సాధన చేయించారు. మొదటి నిమిషంలో అందరి బండ్లూ ముందుకూ వెనుకకూ వణుకుతాయి. మనిషి భయపడి తనను తాను నిలబెట్టుకోజూస్తాడు, బండి కూడా అతనిని నిలబెట్టజూస్తుంది. ఇద్దరు మర్యాదస్థులు గుమ్మం దగ్గర 'మీరు ముందు' అంటే 'మీరు ముందు' అన్నట్లు ఉంటుంది. ఎప్పుడు మనిషి ఆ ప్రయత్నం మానుకుంటాడో అప్పుడు వణుకు ఆగుతుంది. తరువాత రష్యన్ హిల్ వైపు ఒక మోస్తరు వాలు వీధిలోకి తీసుకువెళ్ళారు. ఫిల్బర్ట్ వీధికి తీసుకువెళ్ళమని అడిగితే మార్గదర్శి తల అడ్డంగా ఊపాడు.

ఎక్కడం అనుకున్నంత కష్టం కాలేదు. సగం దూరం పోయాక, చుట్టూ చూద్దామని ఆగాను. అలవాటుకొద్దీ ఒళ్ళు వెనుకకు పోయింది. వెంటనే బండి దిగువకు కదిలింది. దిగువన ఇద్దరు మనుషులు నడచి వస్తున్నారు. నా గుండె ఆగినంత పని అయింది. మార్గదర్శి "ముందుకు, ముందుకు" అని కేక వేశాడు. కొండ క్రిందికి జారుతున్నవాడిని ముందుకు వాలమంటాడేమిటని ఒక క్షణం అర్థం కాలేదు. చేతికమ్మీ వైపు ఒంగగానే బండి నిలిచింది. ఆ నడచి వస్తున్నవారిలో ఒకరు వృద్ధురాలు. ఆమె నన్ను ఏమీ అనలేదు. కాలిబాట అంచుకు జరిగి, నేను పోయేదాకా గోడ పట్టుకొని నిలబడింది. ఆ దృశ్యం ఇప్పటికీ జ్ఞాపకమున్నది. ఒంటికి ఆనాడే తెలిసిన పాఠాన్ని నేను తరగతిలో తప్పుగా చెప్పడం ఇంకా విడ్డూరం.

దిగడం గురించి మార్గదర్శి చెప్పిన ఒక సంగతి నాకు ఎంతో నచ్చింది. కొండ దిగేటప్పుడు మోటార్లు చక్రాలను త్రిప్పవు, చక్రాలే మోటార్లను త్రిప్పుతాయి. అప్పుడు మోటార్లు విద్యుత్తును పుట్టించి బ్యాటరీలోకి తిరిగి పంపుతాయి. ఎక్కేటప్పుడు ఖర్చు చేసినదానిలో కొంత దిగేటప్పుడు తిరిగి వస్తుంది. వినడానికి బాగున్నది. కాని కొండ మీది ఇంటివారు రాత్రంతా బ్యాటరీని నిండా నింపుకొని, ఉదయాన్నే కొండ దిగడం మొదలుపెడితే? నిండిన కుండలో నీళ్ళు ఎక్కడ పడతాయి? ఆ విద్యుత్తుకు చోటు ఉండదు. అటువంటప్పుడు బండి చేతికమ్మీని గడగడలాడించి, 'దిగిపో' అని హెచ్చరిస్తుంది. చదును ఊరిలో ఎన్ని నెలలు నడిపినా ఈ చిక్కు బయటపడదు. కొండ మీద ఒక్క ఉదయం చాలు.

ఎక్కడంలో ఉన్న చిక్కు వేరు. బండి బరువు సుమారు 38 కిలోలు, మనిషి 70 కిలోలు, మొత్తం 108. 31.5 శాతం వాలు మీద వీరిని పైకి లాగడానికి కావలసిన బలం, 32 కిలోల బియ్యం బస్తాను తాడుకు కట్టి నిలువుగా పైకెత్తే బలంతో సమానం. నడక వేగంతో, అంటే గంటకు 5 కిలోమీటర్ల చొప్పున ఎక్కితే దీనికి సుమారు 440 వాట్లు సరిపోతాయి. బండి గరిష్ఠ వేగమైన గంటకు 20 కిలోమీటర్ల చొప్పున ఎక్కాలంటే సుమారు 1,770 వాట్లు కావాలి. ఆ శక్తి అంతా ఎక్కడానికే ఖర్చయితే మనిషిని నిలబెట్టడానికి ఏమి మిగులుతుంది? గుర్తున్నదా, చీపురుకర్ర ముందుకు వాలినప్పుడు అరచేయి దానికంటె వేగంగా ముందుకు పోగలగాలి. పోలేకపోతే కర్ర పడిపోతుంది. కారుకు బలం చాలకపోతే నెమ్మదిస్తుంది, అంతే. సెగ్వేకు బలం చాలకపోతే మనిషి ముందుకు బోర్లా పడతాడు. అందుచేతనే వేగం హద్దుకు చేరగానే బండి చేతికమ్మీని మనిషి వైపుకు నెట్టి, అతనిని వెనుకకు వాల్చి, బలవంతంగా నెమ్మదింపజేస్తుంది. నిలబెట్టే బలాన్ని అది ఎప్పుడూ కొంత దాచుకొనే ఉంచుతుంది.

ఆ దాచుకున్న బలం అన్ని వేళలా చాలలేదు. 2003 సెప్టెంబరులో, అప్పటిదాకా అమ్మిన సుమారు 6,000 బండ్లనూ మరమ్మతు కోసం వెనక్కి రప్పించారు. బ్యాటరీ తగ్గిపోయిన స్థితిలో, హెచ్చరిక వచ్చిన తరువాత కూడా నడిపినా, హఠాత్తుగా వేగం పెంచినా, అడ్డంకిని ఢీకొన్నా మనిషి పడిపోయే ప్రమాదం ఉన్నదని తేలింది. కంప్యూటరుకు ఇచ్చే ఆదేశాలను మార్చి దానిని సరిదిద్దారు. ఈ మూడు కారణాలూ ఒకేచోట కలిసే తావు ఏదని అడిగితే నేను కొండ వీధినే చూపిస్తాను.

మరొక చిక్కు వాలుకు అడ్డంగా పోవడం. ఈ బండి ముందు వెనుకల తూకాన్నే కాచుకుంటుంది, కుడి ఎడమల తూకాన్ని కాదు. కొండకు అడ్డంగా తిరిగినప్పుడు ఒక చక్రం పైన, ఒక చక్రం క్రింద ఉంటాయి. పీఠం ప్రక్కకు వాలుతుంది. జైరోస్కోపు ఏమీ చేయలేదు. మనిషే ఎగువ మోకాలిని మడచి, ఒంటిని ఎగువకు మొగ్గించాలి. కొండ మీద మలుపు తిరగడమంటే ముందు వెనుకల తూకాన్ని యంత్రం చేతినుండి తీసుకొని, కుడి ఎడమల తూకాన్ని మన చేతిలో పెట్టుకోవడం. అభ్యాసం లేనివారు ఎక్కువగా తడబడేది ఆ మలుపులోనే. దానికి తోడు తడి. మన నగరంలో ఉదయపు మంచుకు కేబుల్ కారు పట్టాలు తడిసి నున్నగా ఉంటాయి. చక్రం జారితే, అరచేయి కర్ర క్రిందనుండి తప్పుకున్నట్లే. ఎంత తెలివైన కంప్యూటరైనా నేలను పట్టుకోని చక్రంతో ఏమీ చేయలేదు.

ఇక మీలో చాలామంది అడగబోయే ప్రశ్న. "మేము ఎక్కవచ్చునా మాస్టారూ?" ఎక్కరాదు. ఈ బండి ఎక్కేవారు కనీసం 45 కిలోల బరువు ఉండాలని తయారీదారులు నియమం పెట్టారు. ఇది పిల్లల మీద కోపంతో పెట్టినది కాదు. బ్రేకు లేని బండిని ఆపేది వెనుకకు వాలిన మనిషి బరువే కదా. తేలికైనవారు, ముఖ్యంగా కొండ దిగుతున్నప్పుడు, ఎంత వెనుకకు వాలినా ఆ బరువు చాలకపోవచ్చు.

నగరం ఈ బండిని ఎలా చూసిందో కూడా చెప్పాలి. 2002లో కాలిఫోర్నియా రాష్ట్రం ఈ బండ్లను కాలిబాటల మీద అనుమతిస్తూ చట్టం చేసింది. అయితే తమ తమ నియమాలు పెట్టుకునే హక్కును ఊళ్ళకు విడిచిపెట్టింది. ఆ ఏడాది చివరనే శాన్ ఫ్రాన్సిస్కో నగరపాలకులు కాలిబాటల మీద సెగ్వేను నిషేధించారు. 2003 జనవరిలో నిషేధం అమలులోకి వచ్చింది. పెద్ద నగరాలలో ఇటువంటి నిషేధం ఇదే మొదటిది. వృద్ధుల తరఫున, చూపు లేనివారి తరఫున మాట్లాడినవారు గట్టిగా పట్టుబట్టారు. గంటకు 20 కిలోమీటర్ల వేగంతో, మనిషితో కలిపి వంద కిలోలకు పైబడిన బరువు, చప్పుడు లేకుండా వెనుకనుండి వస్తే ఏమిటి గతి అని వారి ప్రశ్న. కార్లు తగ్గితే గాలి బాగుపడుతుందని రెండవ పక్షంవారు వాదించారు. ఇద్దరి మాటలోనూ న్యాయమున్నది. ఆ రోజులలో నేను రెండవ పక్షమే. గోడ పట్టుకొని నిలబడిన ఆ వృద్ధురాలిని చూసిన తరువాత మొదటి పక్షానికి మారాను. ఏటా వేసవిలో మా అమ్మ రాజమండ్రినుండి వచ్చి, సాయంత్రం పూట కాలిబాట మీదనే నెమ్మదిగా నడుస్తుంది. ఆమెకు కుడి చెవి సరిగా వినిపించదు. మీ తాతయ్యలు, అమ్మమ్మలు, నానమ్మలు కూడా వచ్చినప్పుడు ఆ బాటల మీదనే కదా నడిచేది.

నగరాల రూపమే మార్చివేస్తుందని చెప్పిన ఆ బండి అంత పని చేయలేదు. దాదాపు ఇరవై ఏండ్లలో మొత్తం సుమారు 1,40,000 బండ్లు మాత్రమే అమ్ముడుపోయాయి. ధర సుమారు 5,000 డాలర్లు. పోలీసులు, విమానాశ్రయాల కాపలావారు, యాత్రికులు దీనిని ఎక్కువగా వాడారు. 2020 జూలై 15న దీని తయారీ ఆపివేశారు. కాని ఆ తూకపు విద్య పోలేదు. ఒకే చక్రం మీద నిలబడి పోయే బండ్లను మీరు పార్కులో చూస్తూనే ఉన్నారు. వాటి కడుపులోనూ జైరోస్కోపే ఉన్నది.

వచ్చే శనివారం తరగతికి ప్రతి ఒక్కరూ ఒక కోణమానిని, మూర పొడవు దారం, ఒక చిన్న బరువు తీసుకొని రండి. బరువుకు తాళంచెవి అయినా చాలు. ముందు మన పాఠశాల ఎదుటి వీధిని కొలుద్దాము. ఆ తరువాత ప్రశ్న అడిగిన అమ్మాయి తమ ఇంటి వీధిని కొలిచి తెచ్చిన అంకెను నల్లబల్ల మీద వ్రాస్తుంది. ఆ వీధిలో బండి కదలకుండా నిలవాలంటే మనిషి ఎన్ని సెంటీమీటర్లు ఎగువకు మొగ్గాలో మీరు లెక్క వేసి చెప్పాలి. ఈసారి జవాబు నేను ముందుగా చెప్పను.